మడత దగ్గర ఆగిన దారి

ఆదివారం లోపు కావలసిన పనులు: విరిగిన బీరువా తలుపు, చక్రం లేని సైకిలు, చిల్లుపడ్డ నీళ్ల డ్రమ్ము పాత సామాను బండికి వేసెయ్యాలి. పిచ్చిమొక్కలు వేళ్లతో సహా పీకాలి, పైపైన కోస్తే లాభం లేదు. నేల చదును చేసి, వాన నీళ్లు ఇంట్లోకి రాకుండా వాలు గేటు వైపుకి తిప్పాలి. ఇసుక పరిచి ఇటుకల దారి వెయ్యాలి. దారి పొడుగునా ఎడం చేతికి అందేలా పైపు బిగించాలి. నీడకి ఏదో ఒకటి కట్టాలి. బియ్యం కడిగిన నీళ్లూ, బట్టలు జాడించిన నీళ్లూ మెట్టతామర దుబ్బుల్లోకి మళ్లించాలి. వాళ్లనీ వీళ్లనీ అడిగి తెచ్చిన కొమ్మలన్నీ వాడిపోకముందే నాటాలి. నాన్నని బయటికి తేవాలి.

ఇదంతా నేను కాగితం మీద రాసి వంటింటి తలుపుకి అంటించాను. అమ్మ కళ్లజోడు పైకి జరిపి చదివింది.

"ఆఖరిది ముందు రాయాల్సింది," అంది.

"వరసలో రాశానమ్మా. పెరడు తయారైతేనే కదా నాన్న వచ్చేది."

"నీకు వరస తెలుసు. ఆయన సంగతి తెలీదు," అని కుట్టుమిషను దగ్గరికి వెళ్లిపోయింది.

మా ఇంటికి ఈ వారమే కొత్తగా వచ్చిన పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. మా నాన్న బస్సు డ్రైవరు. ఉద్యోగం అయిపోయి ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చున్నాడో లేదో, కుడి కాలూ కుడి చెయ్యీ పట్టు తప్పాయి. ఆస్పత్రిలో మనిషి కోలుకున్నాడు. మాట బాగానే వచ్చింది, అన్నం తానే తింటున్నాడు, గోడ పట్టుకుని గదులన్నీ తిరుగుతున్నాడు. కానీ గుమ్మం దాటడు. "ఊరంతా తిప్పినవాణ్ణి. ఆ ఊరే చూస్తుంటే కాలు ఈడ్చుకుంటూ నడవమంటారా?" అంటాడు. వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియో అమ్మాయి పోయిన వారం గట్టిగానే చెప్పింది. రోజూ బయట నడవకపోతే ఆ కాలు అలాగే బిగుసుకుపోతుందట. నడిచేటప్పుడు చుట్టూ తిరిగి రావాలట. ఉన్నచోట గిరుక్కున వెనక్కి తిరగకూడదట, పడిపోయే ప్రమాదం అక్కడేనట. సోమవారం ఆ అమ్మాయి మళ్లీ వస్తుంది.

వీధిలోకి రానంటే పెరట్లోకన్నా వస్తాడు కదా అని మేం పెరడు పట్టుకున్నాం. రెండు బస్సులు పక్కపక్కన ఆపితే నిండిపోయేంత పెరడు. ఇది నాన్న కొలతే, మా ఇంట్లో దేన్నయినా బస్సులతోనే కొలుస్తాం. మధ్యలో వంటింటి మెట్లు, వాటికి ఎదురుగా అవతలి గోడలో ఒక చిన్న ఇనప గేటు, గేటు వెనక సందు. పదేళ్లుగా అటు చెత్త పడెయ్యడానికి తప్ప ఎవరూ వెళ్లలేదు.

తోట వేయించడానికి మనుషుల్ని పిలిచే తాహతు మాకు లేదు. ఒకాయన వచ్చి చూసి, పచ్చగడ్డి తివాచీలు, రంగు దీపాలు అంటూ ఏదో చెప్పబోతే అమ్మ మంచినీళ్లిచ్చి పంపించింది. మా వంశంలో డిగ్రీ దాకా వెళ్లిన మొదటిదాన్ని నేను. నాన్న నన్ను పిలవడం కూడా 'డిగ్రీ' అనే. అందువల్ల కుళాయి కారినా, మందు సీసా మీద రాసింది అర్థం కాకపోయినా, పిల్లి కుంటినా నన్నే అడుగుతారు. పెరడూ అలాగే నా నెత్తిన పడింది. నేను చదివింది వాణిజ్య శాస్త్రం. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

నిజం చెప్పాలంటే పని చేసింది నేను కాదు. అమ్మ, బావ.

అమ్మ దర్జీ. వీధిలో కమ్మీలు విరిగి మూలపడ్డ గొడుగులన్నీ అడిగి తెచ్చి, గుడ్డ విప్పి, ముక్కకి ముక్క అతికి, ఇంత పెద్ద పందిరి గుడ్డ కుట్టింది. నలుపు, నీలం, మళ్లీ నలుపు, మధ్యలో ఎవరి పాపదో ఎర్ర పువ్వుల గొడుగు. వాన పడినా కారదు. బావ, అంటే అక్క మొగుడు, ఇళ్లకి రంగులు వేస్తాడు. అక్క నర్సు, ఈ వారమంతా దానికి డ్యూటీ. అందుకని దాని వంతు కూడా బావే ఎత్తుకున్నాడు. పాత మంచం పైపులు కోసి గోడకి బిగించాడు. ఇటుకలు పరిచే పని కూడా తనే చేస్తానన్నాడు.

"గోడకి రంగెయ్యడం, నేలకి ఇటుకెయ్యడం ఒకటే అత్తయ్యా. ఒకటి నిలబడుంటుంది, ఒకటి పడుకునుంటుంది, అంతే తేడా," అన్నాడు.

దారి ఎలా వెళ్లాలో అమ్మ ఖాకీ కాగితం మీద గీసిచ్చింది. వంటింటి మెట్ల దగ్గర మొదలై, ఎడమకి వంపు తిరిగి, గోడ వెంట వెళ్లి, మళ్లీ వంపు తిరిగి గేటు దగ్గరికి చేరే దారి. కొలతలన్నీ వేసింది. కాగితం ఒక అంచు మీద, అలవాటు కొద్దీ, నీలం సుద్దతో 'మడత' అని రాసింది.

అక్కడే వచ్చింది తంటా.

శనివారం ఆఫీసు సగం పూటే. మధ్యాహ్నం నేను వచ్చేసరికి అమ్మ మిషను ఆగి ఉంది. బడి తెరిచే రోజులు, యూనిఫారాల గుట్ట అలాగే ఉంది. ఆ రోజుల్లో మా ఇంట్లో మిషను ఆగిందంటే ఏదో మునిగిందన్నమాట. పెరట్లోకి పరిగెత్తాను.

దారి వేసేశారు. చూడముచ్చటగా ఉంది. సగం ఇటుకలూ నిండు ఇటుకలూ కలిపి, సందుల్లో ఇసుక కూరి, దుంగతో దిమ్మిస కొట్టి, కాలికి ఎక్కడా తగలకుండా పరిచాడు బావ. గోడ వెంట తెల్ల రంగు పైపు. పైన గొడుగుల పందిరి. దారి వంపు తిరిగి గేటు దగ్గరికెళ్లి ఠక్కున ఆగిపోయింది. అంతే. గేటు నుంచి మెట్ల దాకా కుడివైపు సగం పెరడు దున్నిన మడిలా బోసిగా ఉంది.

అమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. బావ చేతిలో ఖాకీ కాగితం.

"మిగతా సగం ఏదీ అల్లుడుగారూ?"

"ఏ సగం అత్తయ్యా?"

"కుడివైపు సగం."

బావ కాగితం అటూ ఇటూ తిప్పాడు. వెనక్కి కూడా తిప్పి చూశాడు. "ఇందులో ఇంతే ఉందండీ. అంగుళం తేడా లేదు, కావలిస్తే టేపు పెట్టి చూస్కోండి."

"మడత అని రాశాను కదా నాయనా!"

"రాశారు. చూశాను. అక్కడిదాకా వేసి ఆపేశాను."

అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. నాకు అప్పుడు వెలిగింది. కుట్టు తెలియనివాళ్ల కోసం చెబుతాను. జాకెట్టుకైనా చొక్కాకైనా అమ్మ ఎప్పుడూ సగమే గీస్తుంది. గుడ్డని మధ్యకి మడిచి, కాగితం అంచుని ఆ మడత మీద పెట్టి కత్తిరిస్తుంది. విప్పితే రెండు వైపులా వస్తుంది. ముప్పై ఏళ్లుగా ఆమె చేతికి నిండు బొమ్మ గీసే అలవాటే లేదు. పెరడు కూడా అలాగే గీసింది. కాకపోతే పెరట్ని మడవడం ఎవరి వల్లా కాదు.

"అటు సగం ఖాళీగా ఎందుకు వదిలామో అనుమానం రాలేదా మీకు?"

"వచ్చిందండీ. తర్వాత ఏ గేదెనో కొంటారేమో అనుకున్నా."

"గేదెనా!"

"మరి నాకెవరు చెప్పారు? మీరు యూనిఫారాల్లో మునిగారు, మా మరదలు ఆఫీసులో కూర్చుంది. ఇదిగో డిగ్రీ, నువ్వన్నా కాగితం చూశావా?"

"చూశాను బావా. బాగుందనుకున్నాను."

"ఏం బాగుంది?"

"అక్షరాలు."

ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నట్టుంది మా ముగ్గురి తెలివి. అమ్మ బావని అంది, బావ నన్నన్నాడు, నేను పందిరి వైపు చూశాను. తిలా పాపం తలా పిడికెడు. నవ్వు రావాల్సిందే కానీ మాకు రాలేదు. ఎందుకంటే సంగతి గేదెతో పోయేది కాదు. పైపు ఎడమ గోడకి ఉంది. మెట్లు దిగి వెళ్లేటప్పుడు నాన్న బాగున్న ఎడం చేత్తో పట్టుకుంటాడు. గేటు దాకా వెళ్తాడు. తర్వాత? అదే దారిన వెనక్కి రావాలంటే పైపు కుడి చేతివైపుకి వస్తుంది. ఆ చెయ్యి పట్టు లేని చెయ్యి. పైగా గేటు దగ్గర గిరుక్కున తిరగాలి. వద్దన్నది సరిగ్గా అదే. దారి గుండ్రంగా ఉంటేనే అది దారి. ఇలా సగం ఉంటే వెళ్లడానికే కానీ రావడానికి పనికిరాదు. ఇక ఆదివారం ఎంతో దూరంలో లేదు.

"ఇప్పుడేం చేద్దాం?" అంది అమ్మ. ఆమె గొంతు సన్నబడితే నేను తట్టుకోలేను.

అప్పుడు వినిపించింది. మొదట పొయ్యి మీద ఏదో పొంగుతోందనుకున్నాను. కాదు. వంటింటి కిటికీ ఊచల వెనక, కుర్చీలో కూర్చుని, నాన్న నవ్వుతున్నాడు. శబ్దం లేకుండా మొదలై, భుజాలు కదిలి, చివరికి దగ్గొచ్చేదాకా. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ నవ్వు మేం వినలేదు.

"ఏవండీ, మీకు నవ్వులాటగా ఉందా?"

"లేకపోతే ఏమిటే! ఇన్నేళ్ల సర్వీసులో ఎన్నో రోడ్లు చూశాను. వెళ్లడానికే తప్ప రావడానికి లేని రోడ్డు ఇప్పుడే చూస్తున్నా. ఇందులోకి బండి పెట్టినవాడు రివర్సులోనే రావాలి."

"అయితే రివర్సులోనే వస్తారు," అన్నాడు బావ, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అల్లుడూ, రివర్సంటే రంగు డబ్బా తిప్పినట్టు కాదు. వెనకాల కండక్టరు దిగి నిలబడాలి. ఈల వెయ్యాలి. వాడి ఈల లేకుండా నేను ఒక్క అడుగు కూడా వెనక్కి..."

అంటూ అంటూ ఆగిపోయాడు. నవ్వు మొహం మీదే ఉండిపోయింది, లోపల ఎవరో దీపం తగ్గించినట్టు.

మాకు తెలుసు ఎవరు గుర్తొచ్చారో. చిల్లర బాబాయ్. నాన్న బండికి ఎంతోకాలం కండక్టరు. ఎవరు ఏమిచ్చినా "చిల్లర దిగేటప్పుడు" అనేవాడు కాబట్టి డిపో అంతా ఆయనకి ఆ పేరే. నాన్నని ఆయన 'పైలట్' అనేవాడు. నాన్నకి ఇలా అయ్యాక మూడుసార్లు మా ఇంటికొచ్చాడు. మూడుసార్లూ నాన్న లోపలి నుంచి చేత్తో సైగ చేశాడు, లేనని చెప్పమని. అమ్మ గుమ్మంలో నిలబడి, "లేరు అన్నయ్యా," అంది. తర్వాత ఆయన రావడం మానేశాడు. ఇంట్లో ఆ పేరు ఎత్తడం కూడా మానేశాం.

అమ్మ మాట మార్చింది. మార్చిందని నేననుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది మార్చడం కాదు, సూది దారం ఎక్కించినట్టు సరిగ్గా సమయం చూసి వేసిన మాట.

"ఊరికే నవ్వితే అయిందా? అటు సగం ఎక్కడ వంపు తిరగాలో చెప్పండి మరి."

"మెట్లకి అంత దగ్గరగా తిప్పకూడదే. టర్నింగులో బండి వెనక భాగం తగులుతుంది. కాస్త ముందుకెళ్లి..."

"ముందుకంటే ఎంత?"

"అదిగో, ఆ బకెట్టు ఉన్నంత దూరం."

"ఏ బకెట్టు? ఇక్కడ మూడున్నాయి."

"నీలం బకెట్టు! దాని పక్కనుంచి... అటు కాదు అల్లుడూ, నీ ఎడం వైపు కాదు, నా ఎడం వైపు... అబ్బ!"

"ఊచల వెనక కూర్చుని చెబితే మాకేం అర్థమవుతుందండీ," అంది అమ్మ, చీర కొంగుకి లేని మట్టి దులుపుకుంటూ. "వచ్చి చూపించండి."

బావ గిర్రున తిరిగి పైపు తుడవడం మొదలుపెట్టాడు. నేను పందిరిలో ఎర్ర పువ్వులు లెక్కపెట్టాను. కిటికీ వైపు చూసే ధైర్యం ఎవరికీ లేదు. లోపల కుర్చీ కిర్రుమంది.

"నా చెప్పులెక్కడ పెట్టారు?" అన్నాడు నాన్న.

పాఠకులారా, మా ఇంట్లో ఒక చెప్పుల జత కోసం ముగ్గురు మనుషులు అలా గుద్దుకోవడం అంతకు ముందు జరగలేదు. అమ్మకి మంచం కింద దొరికాయి. దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. కొంగుతో తుడిచింది. నాన్న వద్దంటున్నా వినలేదు.

మెట్లు దిగడానికి నా భుజం పట్టుకున్నాడు. రెండో మెట్టు మీద ఆగి, ఆకాశం వైపు చూశాడు. పందిరి గాలికి ఉబ్బి దిగింది. మొహం మీద నీలం నీడ పడి, తర్వాత ఎర్రటి పువ్వొకటి పడింది.

"ఇవేంటివే, గొడుగులా?"

"గొడుగులే."

"ఒక్క గొడుగు కొనమంటే ఏళ్లు వాయిదా వేశావు. ఇప్పుడు ఒక్కసారే ఇన్ని!"

"మాట్లాడకుండా నడవండి. కింద చూసి నడవండి."

ఎడం చెయ్యి పైపు మీద పడింది. నా భుజం మీది బరువు తేలికైంది. తర్వాత బరువే లేదు. నాన్న నన్ను దాటి ముందుకెళ్లాడు. ఎడం పాదం దృఢంగా పడుతోంది, కుడి పాదం నేలని రాసుకుంటూ దాని వెనకే వస్తోంది. వంపు దగ్గర పెదవులతో చిన్నగా హారన్ కొట్టాడు. బావ వెంటనే ఎదురొచ్చిన సైకిలువాడిలా గోడకి అతుక్కుపోయాడు. అమ్మ నవ్వింది. ఈసారి అందరం నవ్వాం. మందారం కొమ్మలు నాటిన చోట నాన్న ఆగి, "ఇవి బతుకుతాయా డిగ్రీ?" అని అడిగాడు. "బతుకుతాయి నాన్నా," అన్నాను. నేను చదివిన మొక్కల పుస్తకంలో అయితే నాలుగింట మూడే బతుకుతాయని ఉంది. నేను చెప్పలేదు.

గేటు దగ్గరికి చేరాడు. దారి అయిపోయింది. ఎదురుగా తుప్పు పట్టిన గడియ, ఎడం చేతి కింద పైపు చివర. రొప్పుతున్నాడు కానీ మొహం వెలిగిపోతోంది. పందిరి నీడ దాటి ఎండలో నిలబడ్డాడు.

"బాగానే వేశావయ్యా అల్లుడూ. ఒక్క గతుకు లేదు. మిగతా సగం కూడా ఇలాగే వెయ్యి."

"వేస్తాను మామయ్యా. ఇటుకలుంటే రేపు పొద్దున్నే మొదలెడతాను. అత్తయ్యా, ఇంకో రెండు బళ్లు తెప్పించండి."

"నేను తెప్పించడమేంటి? ఎప్పటిలా మీరే తెండి."

"నేనా? నేనెప్పుడు తెచ్చానండీ? పొద్దున లేచి చూస్తే గేటు పక్కన పేర్చి ఉంటున్నాయి. మీరు ఎవరికో చెప్పి పెట్టారనుకున్నా."

"నేను మీరనుకున్నాను!"

ఇద్దరూ నా వైపు తిరిగారు. "నేను మీరిద్దరూ అనుకున్నాను," అన్నాను. నిజంగానే అనుకున్నాను. వారం నుంచీ రోజూ పొద్దున్నే గేటు బయట ఇటుకలు ఉంటున్నాయి, పగిలినవి ఒకవైపు, నిండువి ఒకవైపు, బాగా దులిపి. ఒకళ్ల మంచితనాన్ని ఇంకొకళ్ల ఖాతాలో వేసుకుంటూ ముగ్గురం హాయిగా పరిచేసుకున్నాం.

నాన్న మాత్రం మా మాటలు వినడం లేదు. తల దించి కాళ్ల కింద చూస్తున్నాడు. నడిచేటప్పుడు ప్రతి అడుగూ చూసుకోవలసిన మనిషి కాబట్టి, మాకు కనబడనిది ఆయనకి కనబడింది. ఇటుకల అంచుల మీద అక్కడక్కడా రంగు మిగిలి ఉంది. ఒకదాని మీద పసుపు, దాని పక్కదాని మీద నలుపు, మళ్లీ పసుపు.

"ఇది డిపో గోడ," అన్నాడు మెల్లగా. "నా బండి ఆపే చోటు. వెనక చక్రం ఎక్కడ ఆపాలో తెలియాలని పట్టీలు కొట్టించిన గోడే ఇది..."

"పాత గోడ పడగొట్టారు మామయ్యా," అన్నాడు బావ. "ఇటుకలు కావలసినవాళ్లు తీసుకుపొమ్మన్నారని విన్నాను. కానీ అంత దూరం నుంచి ఎవరు మోసి..."

మాట పూర్తి కాలేదు. గేటు అవతల, సందులో, ఈల వినబడింది.

పిల్లల ఈల కాదు. పోలీసు ఈలా కాదు. నిదానంగా, పొడుగ్గా ఒకటి. ఆగి, మళ్లీ పొడుగ్గా ఇంకొకటి. వెనకాల దిగి నిలబడ్డ మనిషి, నేనున్నాను, చూస్తున్నాను, భయం లేదు రానియ్, అని డ్రైవరుకి చెప్పే ఈల.

నాన్న కుడి పాదం కదిలింది. ఎవరూ చెప్పకుండానే, దానంతట అదే, ఒక్క అంగుళం వెనక్కి జరిగి నిలబడింది.

పందిరి కూడా ఊగడం మానేసింది. లోపలికి వెళ్లడానికి నాన్నకి దారి లేదు, లేనని చెప్పించడానికి గుమ్మం లేదు. గేటు ఇనప పలకల సందుల్లోంచి ఇటువైపు మనిషి అటువైపుకి కనబడతాడు. కాలూ కనబడుతుంది. ఇన్నాళ్లూ దాచిందంతా కనబడుతుంది.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. సూది గుచ్చుకున్న వేళ్లు, గట్టివి.

నాన్న ఎడం చెయ్యి పైపుని వదల్లేదు. లేచింది కుడి చెయ్యి. స్పూను కూడా సరిగ్గా పట్టలేని ఆ చెయ్యి నెమ్మదిగా గడియ వైపు వెళ్లింది. వేళ్లు తుప్పుని తాకాయి. అక్కడ ఆగాయి.

ఆ వేళ్లు గడియ తీశాయా, తాకి వెనక్కి వచ్చాయా అన్నది ఇప్పుడు చెప్పను. కానీ ఈ వారమంతా మీరు ఒక మనిషిని గుర్తుపెట్టుకోండి. మూడుసార్లు మా గుమ్మం దాకా వచ్చి, "లేరు అన్నయ్యా" అని అమ్మ అంటుంటే, లోపల నాన్న దగ్గు స్పష్టంగా వినబడుతున్నా, "సరేనమ్మా, వచ్చాక అడిగానని చెప్పు," అని నవ్వి మెట్లు దిగి వెళ్లిన మనిషిని. ఆయన్ని మర్చిపోకండి.